సాయంత్రం గిన్తీ

(2025 డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినం నాడు ఒడిశాలోని బరంపురంలో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక రిటైర్డ్ నాయబ్ సుబేదార్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న మా సీనియర్లకు జైహింద్. వెనక గోడకి చేరబడి నిల్చున్న కుర్రాళ్ళకి కూడా జైహింద్. నిలబడక్కర్లేదురా బాబూ, కుర్చీలున్నాయి. తెల్లారి గ్రౌండ్‌లో పరిగెత్తి వచ్చినట్టున్నారు, కూర్చోండి.

నాకిచ్చిన అంశం 'సైనిక జీవితంలో అర్థం, పరమార్థం'. ఈ కాగితం చూసి మా ఆవిడ, "పరమార్థం సంగతి తర్వాత, ముందు మైకు దగ్గర అరవకండి. అది పరేడ్ గ్రౌండ్ కాదు" అని చెప్పి పంపింది. (నవ్వులు) తనూ వచ్చింది, అదిగో ఆడవాళ్ళ వైపు రెండో వరసలో. కాబట్టి నేను చెప్పేదాంట్లో అబద్ధం ఉంటే ఇక్కడే తేలిపోతుంది.

నిరుడు వేసవిలో మా మేనల్లుడి కొడుకు మా ఇంటికొచ్చాడు. ఏడేళ్ళ గుంటడు. గోడమీద నా యూనిఫాం ఫొటో చూసి, "తాతా, నువ్వు ఎంతమందిని చంపావు?" అన్నాడు. ఒక్కణ్ణి కూడా లేదన్నాను. "పోనీ విమానం కూల్చావా?" లేదురా. "ఎన్నేళ్ళు చేశావు?" 26 ఏళ్ళు. వాడు కాసేపు నా మొహం చూశాడు. "మరి ఏం చేశావు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఫోన్ పట్టుకుని వెళ్ళిపోయాడు. వాడి తప్పేం లేదు. ఆ ప్రశ్న నేను నన్ను ఎన్నోసార్లు అడుక్కున్నదే. ఇవాళ ఆ కాస్త జవాబూ మీ ముందు పెడదామని వచ్చాను.

మాది గోపాల్‌పూర్ పక్కన సముద్రం ఒడ్డు ఊరు. ఇక్కడివాళ్ళు మమ్మల్ని నోళియాలంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా అయ్య తెప్ప మీద వేటకెళ్ళేవాడు. పొద్దు వాలే వేళకి ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒడ్డుకు చేరేవాళ్ళు. చేపల బుట్టలు చేతిలో ఉండేవి గానీ చూపు చేపల మీద ఉండేది కాదు. మా అమ్మ కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని తెప్పలు లెక్కపెట్టేది. నాలుగు... అయిదు... ఆరు. మొత్తం వచ్చాక గానీ ఎవరూ బేరం మొదలుపెట్టేవాళ్ళు కాదు. ఒక తెప్ప తక్కువైన రోజున ఒడ్డంతా మాట లేకుండా ఉండేది. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తే.

1989లో ఆర్మీవాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ, అంటే విమానాల్ని కూల్చే గన్నులు నేర్పే బడి, గోపాల్‌పూర్ వచ్చింది. ఇక ఫైరింగ్ మొదలైతే చూడాలి. గన్నులన్నీ సముద్రం వైపు తిప్పి ఆకాశంలో టార్గెట్ మీద కాల్చేవాళ్ళు. ఆ రోజుల్లో సముద్రంలోకి పోవద్దని ముందే చెప్పేవాళ్ళు. వేట లేదు, కూలీ లేదు. మా అయ్య గట్టున కూర్చుని వల బాగుచేసుకుంటూ ఆ గన్నుల్ని తిట్టేవాడు. మా పక్క ఇంటి ముసలాయన లెక్కపెట్టి, "ఇన్ని గుండ్లు కాల్చారు, ఒక్క కొంగ కూడా పడలేదు" అనేవాడు. (నవ్వులు) అలాంటి ఇంట్లోంచి 1992లో నేను ఆ గన్నుల్లోకే పోయాను. అయ్య నాతో మూడు రోజులు మాట్లాడలేదు. స్టేషన్లో రైలెక్కాక మాత్రం కిటికీ దగ్గరకొచ్చి, "ఒరే, ఆ గన్ను కాల్చేటప్పుడు ముందు సముద్రంలో తెప్ప ఉందేమో చూసి మరీ కాల్చండిరా" అన్నాడు. మా నాయన నాకిచ్చిన ఆశీర్వచనం అదే.

నాసిక్ రోడ్‌లో ట్రైనింగ్. నాకు ఒడియా వచ్చు, తెలుగు వచ్చు, హిందీ రాదు. ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ ఏమన్నా "జీ ఉస్తాద్" అనేవాణ్ణి. "నువ్వు గాడిదవా?" అన్నా అదే జవాబు. అక్కడ మొదటి సాయంత్రం విన్న మాట గిన్తీ. సివిల్‌లో ఉన్నవాళ్ళకి చెబుతున్నాను, గిన్తీ అంటే లెక్క. పొద్దుపోయే వేళకి అందరూ ఫాలిన్ అవ్వాలి, అంటే వరసలో నిలబడాలి. కుడివైపు నుంచి ఏక్, దో, తీన్ అని అరుస్తూ పోవాలి. చివరివాడు అరిచాక మా జట్టుని చూసే ఎన్‌సీఓ లెక్క సరిచూసుకుని పైవాళ్ళకి రిపోర్టిస్తాడు. లెక్క సరిపోతే లంగర్‌లో, అంటే మా వంటశాలలో, రొట్టె దొరుకుతుంది. సరిపోకపోతే ఆ రాని ఒక్కడూ దొరికేదాకా ఎవరికీ లేదు. హాస్పిటల్లో ఉన్నాడా, బాత్రూంలో ఉన్నాడా, గార్డ్ డ్యూటీలో ఉన్నాడా, చుట్టీలో, అంటే సెలవులో ఉన్నాడా, ప్రతివాడికీ ఒక జవాబుండాలి.

మొదటి నెలల్లో నాకది జైలు లెక్కలా అనిపించింది. ఒకరోజు జ్వరంతో బ్యారక్‌లో మంచం కింద నేలమీద పడుకుండిపోయాను. చల్లగా ఉంటుందని. ఎవరికీ చెప్పలేదు. ఒక నంబరు తగ్గింది. అరగంటకి టార్చిలైట్ నా మొహం మీద పడింది. నన్ను రోజంతా రగడా పెట్టే, అంటే ఒళ్ళు హూనమయ్యేలా శిక్షించే ఉస్తాదే. ఇప్పుడు తన్నేస్తాడనుకున్నాను. వంగి నుదుటిమీద చెయ్యి పెట్టి చూసి, ఇద్దర్ని కేకేసి ఎం.ఐ. రూమ్‌కి, అంటే యూనిట్ డాక్టరు గదికి మోయించాడు. తర్వాత వారానికి కోలుకున్నాక రగడా వడ్డీతో సహా పెట్టాడు, అది వేరే సంగతి. కానీ ఆ రాత్రి తెలిసింది, ఇది మా అమ్మ తెప్పల లెక్కే అని.

1994 జనవరి 10న మమ్మల్ని ఆర్టిలరీ నుంచి వేరుచేసి ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ అని ప్రత్యేక కోర్ చేశారు. బ్యాడ్జీ మారింది, కొత్త నినాదం వచ్చింది. 'ఆకాశే శత్రూన్ జహి'. ఆకాశంలో శత్రువుల్ని సంహరించు అని. నేను ఆ నినాదం కింద 24 ఏళ్ళు ఆకాశంలోకి చూశాను. డేగల్ని చూశాను, కొంగల్ని చూశాను, మన విమానాల్ని చూశాను. పెళ్ళికొడుకుని ఎక్కించుకుని పోయే హెలికాప్టర్ కూడా ఒకసారి చూశాను. శత్రువు మాత్రం రాలేదు.

ఇన్‌ఫాంట్రీవాడికి నా మాట వర్తించకపోవచ్చు. ఇదే హాల్లో కార్గిల్ చూసినవాళ్ళున్నారు. సియాచిన్‌లో వేళ్ళు పోగొట్టుకున్నవారు ఉన్నారు. వాళ్ళ ముందు నేను యుద్ధం గురించి మాట్లాడను. కానీ ఫౌజులో వంటవాళ్ళున్నారు, డ్రైవర్లున్నారు, స్టోర్ కీపర్లున్నారు, రేడియో ముందు కూర్చునేవాళ్ళున్నారు, నాలాగా గన్ను తుడిచేవాళ్ళున్నారు. సర్వీసంతా చేసి ఒక్క గుండు కూడా శత్రువు మీద కాల్చనివాళ్ళు చాలామంది. మా కథలు ఎవరూ సినిమా తియ్యరు. ఇంటర్వెల్‌కే జనం లేచిపోతారు. (నవ్వులు)

అసలు విషయానికొస్తాను. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యాన్నంతా సరిహద్దుకి తరలించారు. మేం రాజస్థాన్ ఎడారికి పోయాం. ఇవాళ యుద్ధం, రేపు యుద్ధం అనుకుంటూ 2002 అక్టోబరు దాకా పది నెలలు అక్కడే. యుద్ధం జరగలేదు. జరక్కపోయినా మందుపాతరలు పాతేటప్పుడు, తీసేటప్పుడు, దారిలో ప్రమాదాల్లో మనవాళ్ళు చాలామంది పోయారు. ఆ మరణాల్ని ఏ ఖాతాలో రాసుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు.

మాది ఎల్-70 గన్. 40 మిల్లీమీటర్ల బ్యారెల్, నాలుగేసి గుండ్ల క్లిప్పు. జనవరిలో తెల్లవారుజామున దానిమీద చెయ్యి వేస్తే చర్మం అతుక్కునేంత చలి. మేలో అదే గన్ను పెనం. ఇసుక సంగతి చెప్పనే అక్కర్లేదు. రొట్టెలో ఇసుక, చెవిలో ఇసుక, బ్యారెల్లో ఇసుక. మా డిటాచ్‌మెంట్‌కి, అంటే మా గన్ను జట్టుకి, పెద్దని నంబర్ వన్ అంటారు. మా నంబర్ వన్ పంజాబీ హవల్దార్. ఆయన పద్ధతేంటంటే, గాలి వచ్చినా రాకపోయినా రోజుకు రెండుసార్లు బ్యారెల్ క్లీన్ చెయ్యాలి. పొడుగాటి రాడ్డుకి చిందీ గుడ్డ చుట్టి, నూనె పెట్టి, ముగ్గురం కలిసి తోసేవాళ్ళం, లాగేవాళ్ళం. మొదటిసారి చిందీ నల్లగా వస్తుంది. రెండోసారి బూడిదరంగు. మూడోసారి పసుపు. ఆయన ఆ గుడ్డని విప్పి, ఎండకేసి పట్టుకుని చూసి, "ఫిర్ సే" అనేవాడు, అంటే మళ్ళీ. తెల్లగా వచ్చేదాకా ఫిర్ సే. అయ్యాక బ్యారెల్‌లోకి ఒక కన్ను పెట్టి చూడమనేవాడు. లోపల గాడులు మెలికలు తిరుగుతూ అవతలి కొసన రూపాయి బిళ్ళంత ఆకాశం. ఆ రూపాయి బిళ్ళ ఆకాశం నేను పది నెలలు రోజుకు రెండు పూటలా చూశాను.

ఆగస్టులో మా పెద్దమ్మాయి పుట్టింది. బారువలో, మా అత్తారింట్లో. చుట్టీలన్నీ క్యాన్సిల్. నాలుగు రోజుల తర్వాత నీళ్ళ ట్యాంకర్‌తో పాటు టౌన్‌కి పోయి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే మా మావగారు ఎత్తి, "ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు. ఎప్పుడొస్తావు బాబూ?" అన్నాడు. తెలీదు మావయ్యా అన్నాను. తిరిగొచ్చాక ఆ సాయంత్రం చిందీ తీసి విసిరికొట్టాను. "ఇది కాల్చేదీ లేదు, వాడు వచ్చేదీ లేదు. ఎవడి కోసం తుడుస్తున్నాం సాబ్?" అని అరిచాను. నంబర్ వన్ మీద అరవడమంటే చిన్న విషయం కాదు. చార్జ్ మీద పెట్టొచ్చు. ఆయన ఏమీ అనలేదు. నేను విసిరిన గుడ్డ ఏరి, ఇసుక దులిపి, నా చోట తనే రాడ్డు పట్టుకుని తుడిచాడు. ఆ రాత్రి నా సెంట్రీ డ్యూటీ రెండు నుంచి నాలుగు. మూడింటికి ఎవరో వస్తున్న అలికిడి. ఆపి అడిగితే ఆయనే. చేతిలో మగ్గుతో చాయ్, జేబులో కాస్త బెల్లం. "బేటీ హుయీ హై, ముఁహ్ మీఠా కర్" అన్నాడు. కూతురు పుట్టింది, నోరు తీపి చేసుకో అని. పక్కన కూర్చుని తనకి ముగ్గురు కూతుళ్ళనీ, ఏ ఒక్కరు పుట్టినప్పుడూ దగ్గర లేననీ చెప్పాడు. పొద్దున మళ్ళీ మామూలే. ఫిర్ సే.

దేశం కోసం ప్రాణమిస్తాం అని మేం గన్ దగ్గర ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నిజం చెబుతున్నాను. చుట్టీ ఎప్పుడు, రైల్లో రిజర్వేషన్ దొరికిందా, ఇంటికి స్లాబ్ వేశారా, తమ్ముడికి ఉద్యోగం వచ్చిందా, ఇవే కబుర్లు. దేశం పెద్దది, గన్ పిట్‌లో పట్టదు. పట్టేది ఆరేడుగురు మనుషులు. వాళ్ళలో ఒకడికి చలిగా ఉంటే మిగతావాళ్ళకి నిద్ర పట్టదు. మనం చేసే పనికి అర్థం ఢిల్లీ నుంచి వస్తుందని మొదట్లో అనుకునేవాణ్ణి. నాకు మాత్రం అది మగ్గులో చాయ్‌తో, తెల్లవారుజామున మూడింటికి వచ్చింది.

ఏమీ జరక్కపోవడం కూడా పనే అని నాకు ఫైలిన్ తుఫాను నేర్పింది. ఇది మన ఊరి సంగతి కాబట్టి మీకే బాగా తెలుసు. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో పది వేల దాకా జనం పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ సరిగ్గా మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. నేను జమ్మూ వైపు ఉన్నాను. మా యూనిట్‌లో గంజాం వాళ్ళం ముగ్గురం. టీవీలో మన సముద్రం కనిపిస్తోంది, ఫోన్లు మూగబోయాయి. మూడు రోజులు ముగ్గురం అన్నం ముందు కూర్చోవడమే గానీ తిన్నది లేదు. నాలుగో రోజు ఎవరి ఫోన్ నుంచో మా అమ్మ మాట్లాడింది. తుఫానుకి ముందే పోలీసులూ, సర్కారువాళ్ళూ వచ్చి ఊరు ఊరంతా ఖాళీ చేయించి ఒక స్కూలు బిల్డింగ్‌లో పెట్టారట. "ఇల్లు పోనాది. తెప్ప పోనాది. మనుషులందరం ఉన్నాం బావూ. లెక్క సరిపోయింది" అంది. లెక్క సరిపోయింది! మా అమ్మకి గిన్తీ అనే మాట తెలీదు.

అప్పుడు రాష్ట్రంలో దాదాపు 10 లక్షల మందిని తరలించారు. చనిపోయినవాళ్ళు 50 లోపే. చచ్చిపోని ఆ వేలమంది ఎవరో వాళ్ళకి కూడా తెలీదు. స్కూల్లో పడుకుని, దోమలు కుట్టాయనీ, పప్పులో ఉప్పు లేదనీ తిట్టుకుని ఇంటికి పోయుంటారు. ఆ ఊరు ఖాళీ చేయించిన హోంగార్డు మనవడు కూడా తాతని "ఏం చేశావు?" అని అడిగితే ఆయన దగ్గరా చెప్పడానికి కథేం ఉండదు. మా అమ్మాయి నర్సు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి, "ఇవాళ ఏమీ అవలేదు డాడీ, మంచి రాత్రి" అంటుంది. మా ఇంట్లో అందరిదీ ఒకటే ఉద్యోగం అనిపిస్తుంది నాకు.

2018లో రిటైరయ్యాను. వీడ్కోలు బాగా చేశారు. దండ వేశారు, జీపులో స్టేషన్ దాకా దింపారు. నల్ల ట్రంకు పెట్టె దించుకుని బరంపురం ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. 45 ఏళ్ళు. అంటే సివిల్‌లో మనిషి మధ్యాహ్నం భోజనం చేసి లేచే వయసు. సిపాయిలైతే ఇంకా ముందే, 40 దాటకుండానే వచ్చేస్తారు.

ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని ఇంటిని బ్యారక్ చెయ్యబోవడం. అయిదింటికి పిల్లల్ని లేపాను. మంచాల కింద బూట్లు వరసగా ఉండాలన్నాను. వంటింట్లో డబ్బాలు సైజు ప్రకారం సర్దాను. మా ఆవిడ వారం ఓర్చుకుంది. ఎనిమిదో రోజు పప్పుల డబ్బా దొరక్క నా ఎదురుగా వచ్చి నిలబడి, "20 ఏళ్ళు ఈ ఇల్లు నేను నడిపాను. పిల్లల స్కూలు నేను చూశాను, మీ నాన్న మందులు నేను తెచ్చాను, తుఫానులో కూలిన గోడ నేను కట్టించాను. మీరు ఏడాదికోసారి చుట్టంలా వచ్చారు, మర్యాదగా చూశాను. ఇప్పుడు ఉండిపోవడానికి వచ్చారు. చుట్టంలా కాకుండా మనిషిలా ఎలా ఉండాలో నేర్చుకోండి. నేను మీ జవాన్ని కాను" అంది. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు అటువైపు నుంచే ఎక్కువ వస్తున్నాయి. సరే.

మన ఠాకురాణి జాతరలో అమ్మవారు పుట్టింటికి వస్తుంది కదా, రెండేళ్ళకోసారి. ఊరంతా పండగ. పండగైపోగానే గుడికి వెళ్ళిపోతుంది. ఫౌజీ కూడా అంతే. చుట్టీలో వచ్చినన్నాళ్ళూ చేపల పులుసు, కొత్త లుంగీ. వచ్చి తిరిగి వెళ్ళనప్పుడు ఏం చెయ్యాలో ఇంటికీ తెలీదు, వాడికీ తెలీదు.

సాయంత్రం ఏడున్నర, ఎనిమిది మధ్య నాకు ఒళ్ళు ఊరుకునేది కాదు. చెప్పులేసుకుని వాకిట్లోకి పోయి నిలబడేవాణ్ణి. "ఎవరికోసం?" అనేది మా ఆవిడ. ఏం చెప్పను? గిన్తీ వేళ. నన్ను లెక్కపెట్టేవాడు లేడు. నేను ఆ పూట లేకపోతే ఎవడి రొట్టే ఆగదు. జీతం పోయినందుకు కాదు, ర్యాంకు పోయినందుకు కాదు, బాధంతా అక్కడుంది. ఆ బాధకి క్యాంటీన్ కోటా మందు అనుకున్నాను కొన్నాళ్ళు. చవకగా దొరుకుతుంది, చేతిలో ఖాళీ టైం ఉంది. ఇంతకన్నా దాని గురించి వివరంగా చెప్పను, మా ఆవిడ ముందు చెప్పలేను. ఈ హాల్లో ఇప్పుడు ఎవరైనా ఆ గుంటలో ఉంటే, మీటింగ్ అయ్యాక నన్ను పక్కకి పిలవండి. సీనియరైనా సరే, సిగ్గుపడకండి.

విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం అయిదు నెలలు చేశాను. పని చెడ్డది కాదు. నాకు అలవాటైనదే, నిలబడి చూడ్డం. కానీ అక్కడ నన్ను 'వాచ్‌మన్' అనే తప్ప పేరుతో ఒక్కరూ పిలవలేదు. నేను కూడా ఏ ఒక్కరి పేరూ అడగలేదు. తప్పు ఇద్దరిదీ. వచ్చేశాను.

తర్వాత ఏం జరిగిందంటే, పర్లాకిమిడి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. ఎవరో మా ఇల్లు చూపించారట. చేతిలో పాలిథిన్ కవరు, దాని నిండా కాగితాలు. తడవకుండా దానికి ఇంకో కవరు. భర్త హవల్దారుగా రిటైరై గుండెనొప్పితో పోయాడు. ఫ్యామిలీ పెన్షన్ రావట్లేదు. నేను కాగితాలన్నీ చాప మీద పరిచాను. సర్వీసు రికార్డులో ఆవిడ పేరు చివర 'అమ్మ' లేదు. ఆధార్‌లో ఉంది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ముందుంది, రికార్డులో అసలు లేదు. అంతే తేడా. ఫౌజులో పెళ్ళయితే, బిడ్డ పుడితే పార్ట్-2 ఆర్డర్ అని రికార్డులో ఎక్కిస్తారు. తెలుగు పేరు, ఒడియా ఊరు, రాసేది హిందీ క్లర్కు. పాపం అతనికి వినిపించింది అతను రాశాడు. ఆ ఒక్క అక్షరం కోసం అఫిడవిట్టు, ఉత్తరాలు, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసు. ఏడు నెలలు తిరిగాం. ఒకచోట అయితే అదే జిరాక్సు నాలుగుసార్లు తీసుకుని నాలుగుసార్లూ పోగొట్టారు. ఆ ఆఫీసు పేరు చెప్పను, అక్కడే మళ్ళీ పనుంది నాకు. (నవ్వులు)

సవరించిన పీపీఓ, అంటే పెన్షన్ ఆర్డరు వచ్చిన రోజు ఆవిడకి ఇచ్చాను. ఆవిడ డబ్బు అంకె చూడలేదు. తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే, అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. చదువు రాదు. తర్వాత, "ఒక్కటి చెప్పు తమ్ముడూ. మా ఆయన నా పేరు తప్పు చెప్పి రాయించాడా, వాళ్ళే తప్పు రాసుకున్నారా?" అని అడిగింది. ఏడు నెలలుగా ఆవిడ మనసులో ఉన్నది పెన్షన్ కాదు, ఇది. ఆయన సరిగ్గానే చెప్పాడమ్మా, రాసినవాడికి తెలుగు రాదు అన్నాను. నాకు ఎలా తెలుసు? తెలీదు. కానీ ఆ మాట అన్నందుకు నాకు పాపం అంటదు.

అప్పట్నుంచి ఇదే పని. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్లు, పెన్షన్ల స్పర్శ్ పోర్టల్, మాజీ సైనికుల వైద్యానికి ఈసీహెచ్ఎస్ కార్డులు. మా ఇంటి వసారాలో ఒక బల్ల. మా ఆవిడ దానికి 'బ్యాటరీ ఆఫీసు' అని పేరు పెట్టింది. బ్యాటరీ అంటే ఫౌజులో గన్నుల దళం. నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఈ జిల్లాలోనూ గజపతి జిల్లాలోనూ నాకు తెలిసిన పెద్దవాళ్ళు, భర్త పోయిన ఆడవాళ్ళు, అందరి పేర్లూ రాసుకున్నాను. నెలకోసారి ఫోన్ చేస్తాను. ఏం లేదు, ఉన్నారా, బాగున్నారా. అంతే.

ఇక ఈ ఏడాది, 2025 మే నెల. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ఆ తర్వాతి రాత్రుల్లో పడమటి సరిహద్దు పొడవునా డ్రోన్లు వచ్చాయి. 8వ తేదీ రాత్రి ఒక్కదాంట్లోనే 36 చోట్లకి 300 నుంచి 400 దాకా వచ్చాయని ప్రెస్‌మీట్‌లో చెప్పారు. టీవీ ముందు కూర్చున్నాను. చీకట్లో ఆకాశంలోకి ఎర్రటి చుక్కలు వరసగా పోతున్నాయి. శబ్దం వినగానే నాకు తెలిసిపోయింది. ఎల్-70. దానికి ఇప్పుడు కొత్త కళ్ళు పెట్టారు, రాత్రి చూసే కెమెరాలు, కొత్త మోటార్లు. కానీ గొంతు అదే. డెబ్బై ఏళ్ళు పైబడిన మోడల్, పాత సామాను అని అందరూ వెక్కిరించిన గన్ను. డ్రోన్లని కూల్చింది.

నేను ఏడ్చానని మా ఆవిడ అందరికీ చెబుతోంది. కళ్ళలో నలుసు పడింది. (నవ్వులు) ఆ గన్ను నాది కాకపోవచ్చు. కానీ ఎవడో ఒకడు 2002లో, 2012లో, 2022లో దాని బ్యారెల్లో చిందీ తోశాడు. వాడు కూడా "ఎవడి కోసం సాబ్?" అనే ఉంటాడు. వాడికి ఎవడో ఫిర్ సే అనే ఉంటాడు. ఆ గన్ను ఆ రాత్రి జామ్ అయి ఉంటే మన పేర్లు తెలిసేవి. జామ్ అవలేదు కాబట్టి తెలీలేదు.

రాత్రి పన్నెండున్నరకి ఫోన్ మోగింది. లూధియానా పక్క పల్లె నుంచి మా నంబర్ వన్. డెబ్బైకి దగ్గర్లో ఉన్నాడు. హలో కూడా అనలేదు. "సునా?" అన్నాడు. విన్నాను సాబ్ అన్నాను. ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడలేదు. వాళ్ళ ఊళ్ళో బ్లాకౌట్. చీకట్లో డాబా మీద నిలబడి ఉన్నాడట.

కుర్రాళ్ళతో రెండు మాటలు. మీరు ఇప్పుడు అగ్నివీర్‌కి పరిగెడుతున్నారు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో కొట్టాలని ఆయాసపడుతున్నారు. మంచిదే. నాలుగేళ్ళ సర్వీసు, చివర్లో సేవానిధి 11 లక్షల పైచిలుకు, పెన్షన్ లేదు, నూటికి 25 మంది దాకా ఉంచుకుంటారు. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. మొదట చేరినవాళ్ళ నాలుగేళ్ళు 2026-27లో పూర్తవుతాయి. ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అని నన్ను చాలామంది అడుగుతున్నారు. నాకున్న బెంగ ఒక్కటే. పక్క మంచంవాడి గురక ఎవరిదో చీకట్లో గుర్తుపట్టడానికే నాకు రెండేళ్ళు పట్టింది. మీకు ఆ టైం తక్కువ. కాబట్టి వెళ్ళిన మొదటి రోజే పక్కవాడి ఊరు, వాళ్ళ అమ్మ పేరు అడగండి. తిరిగొచ్చే ఆ 75 మందిలో మీరుంటే సిగ్గుతో ఇంట్లో దాక్కోకండి. మా వసారాలో ఇంకో బల్ల వేస్తాను, కంప్యూటర్ నాకంటే మీకే బాగా వచ్చు. ఇంకోటి. పెళ్ళి చేసుకుంటే ఆ నెలలోనే భార్య పేరు రికార్డులో ఎక్కించండి. ఆధార్‌లో ఉన్నట్టు అక్షరం అక్షరం. క్లర్కు పక్కన నిలబడి రాయించండి.

వెనకాల ఎవరో చెయ్యెత్తారు... ఏంటి బాబూ? (ఒక యువకుడు: "ఆ పిల్లాడికి చివరికి జవాబు చెప్పారా అంకుల్?") చెప్పలేదురా. వాడు మళ్ళీ అడగలేదు. కానీ మేలో టీవీ చూసి, వాళ్ళ అమ్మ ఫోన్ లాక్కుని, "తాతా, అది నీ గన్నేనా?" అన్నాడు. అవున్రా అన్నాను. "నువ్వు లేకుండా ఎలా పేలింది?" అన్నాడు. దానికి కూడా నా దగ్గర జవాబు లేదు.

టైం ఎనిమిది కావస్తోంది, నేను ఆపాలి. ఆ రాత్రి తర్వాత మా పాత డిటాచ్‌మెంట్ వాళ్ళం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. గుడ్ మార్నింగ్ పూలు, రాజకీయాలు పెట్టకూడదని ఆర్డర్. రాత్రి ఎనిమిదింటికి ఎవడి నంబరు వాడు వెయ్యాలి. మొదట సాబ్ ఒకటి వేస్తాడు. తర్వాత కేరళవాడు రెండు. బీహార్‌లో ఉన్నవాడు మూడు, వాడికి సిగ్నల్ ఉండదు, గట్టెక్కి వేస్తాడు. నాది నాలుగు. అయిదో నంబరు నిరుడు పోయాడు. ఆ నంబరు వాళ్ళ ఆవిడ వేస్తుంది.

అదిగో, సాబ్ వేసేశాడు. రెండు కూడా వచ్చింది. బయట టీ, సమోసా ఉన్నాయి. కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు ఎడంవైపు బల్ల దగ్గరకు రండి, డిస్చార్జ్ బుక్కు ఒరిజినల్ ఇవ్వొద్దు, జిరాక్సు చాలు. జైహింద్.